మందా, మరకా?
దుగ్గిరాల యార్డులో పసుపు కొమ్ము విరిస్తే వేలికంటిన రంగు సబ్బుకు లొంగదు. ల్యాబులో, పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్‌తో వచ్చే చిక్కూ అదే. వాపు తగ్గించే గుణం ఉందో లేదో ఎంజైమ్‌తో చేసే చాలా పరీక్షల్లో రంగునో మెరుపునో కొలిచే యంత్రమే తేలుస్తుంది. కర్క్యుమిన్ ఏమో తానే నీలి వెలుతురు పీల్చి మెరుస్తుంది, దొరికిన ప్రొటీన్‌కల్లా అతుక్కుంటుంది, రక్తంలాంటి పీహెచ్ ఉన్న ద్రావణంలో నిమిషాల్లో విరిగిపోతుంది. మరి యంత్రం చూసింది మందునా, మరకనా? 2017లో ‘జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ’ సమీక్ష ఈ గుట్టు విప్పితే, అమ్మమ్మను తిట్టినట్టు మనవాళ్లు ఉలిక్కిపడ్డారు. పప్పులో పసుపు మానమని నేననను. ల్యాబు ఫలితాన్ని డబ్బా మీద అచ్చేసి క్యాప్సూల్స్ అమ్మేవారినే అడుగుతాను: ఎంజైమ్ లేకుండా ఉత్త కర్క్యుమిన్ పెట్టినప్పుడు మీ యంత్రం ఎంత చూపించింది?