ఎడమచేతి పిల్ల

బేస్‌బాల్‌లో పిచర్ అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. ‘వాడు’ అని రాసేశాను, చూశారా! కలానికి అలవాటైపోయింది.

అమెరికాలో హైస్కూల్లో బాగా విసిరే కుర్రాడుంటే కాలేజీ కోచ్‌లు వెతుక్కుంటూ వస్తారు. స్కాలర్‌షిప్పిచ్చి మరీ తీసుకుపోతారు. అదే అమ్మాయైతే? ‘‘నువ్వు సాఫ్ట్‌బాల్ ఆడుకోమ్మా’’ అంటారు. అందులో బంతి పెద్దది, చేతిని కిందినుంచి ఊపి విసరాలి. మరి ఇన్నేళ్లూ భుజం మీంచి విసిరి నేర్చుకున్న విద్య? వీణ నేర్చిన పిల్లకి ‘ఇదీ తీగలదేగా’ అని ఫిడేలు చేతికిచ్చినట్టు!

ఐలా బోర్డర్స్ ఆ మాట వినిపించుకోలేదు. హైస్కూల్లో మగపిల్లల జట్టులోనే ఎడమచేత్తో బంతులు విసిరింది. సదరన్ కాలిఫోర్నియా కాలేజీ కోచ్ చార్లీ ఫిలిప్స్ పిలిచి స్కాలర్‌షిప్పిచ్చారు. 1994 ఫిబ్రవరి 15న, పందొమ్మిదేళ్లు నిండకుండానే, మొదటి ఆటలో చివరిదాకా తనే విసిరి 12-1తో గెలిపించింది.

అయినా సొంత జట్టులోనే కొందరికి ఆమె గిట్టలేదు. ఆ చేదంతా 2017లో వచ్చిన తన పుస్తకంలో రాసుకుంది. ఐలా ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం, జడ కాకుండా బంతిని చూసి సీటిచ్చిన ఆ కోచ్ మీదికే మనసు పోతోంది. అలాంటి మాస్టారు ఎంతమంది ఆడపిల్లలకి దొరుకుతాడు? 1998లో ఐలా ప్రొఫెషనల్ లీగ్‌లోనూ పిచర్‌గా గెలిచింది.