అంబలి సీసా మంచం కింద ఎందుకు?



2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. హాస్టల్లో మేం మాత్రం ఇంటి నుంచి తెచ్చిన చోడి అంబలి సీసాని మంచం కింద దాచాం. పక్క గదోళ్లు వాసనన్నారని! వాళ్లు నవ్వినందుకు కాదు, మేం దాచినందుకే కోపం.

అమ్మ రాత్రే చోడి పిండి నానేస్తాది. పులిశాక పొద్దున్నే నూకలేసి కాస్తాది. ఆనపకాయ బుర్రలో పోసుకుని పోడుకి పోతే మధ్యాహ్నం దాకా కడుపు చల్లగా ఉంటాది. హాస్టల్లో అడిగితే ‘రాగి జావ ఇస్తున్నాం కదా’ అంటారు. బెల్లం జావ వేరు, పులిసిన అంబలి వేరు. (ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ లేకపోతే అదీ అంబలి కాదు, ఆ గొడవ మళ్లీ చూద్దాం.)

ఈసారి మెనూ మీటింగుకి అందరం పోదాం. వారానికి రెండు పూటలు అంబలి కావాలని రాసిద్దాం. మా సీసా ఇప్పుడు బల్ల మీదే ఉంది.