టామీని ఎవరికి అప్పజెప్పాలి?

సెలవులకు నాలుగు రోజులు ఊరెళ్దామంటే మా ఇంట్లో మొదటి ప్రశ్న ఇదే! కిందటేడు పక్కింట్లో వదిలి వెళ్తే రెండు రోజులు ముద్ద ముట్టలేదట. అందుకే ఈసారి కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డిలోని మా వదినగారింటికి దాన్నీ వెంటబెట్టుకెళ్ళాం.

సముద్రం మనకు దూరమే. అయితేనేం, మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉందిగా! పొద్దున్నే వెళ్ళి, చెట్టు కింద చాప పరిచి, పులిహోర డబ్బా విప్పాం. టామీ గొలుసు మావారి చేతిలో. నేనేమో కాళ్ళు చాపుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. అలా కూర్చుని ఎన్నాళ్ళయిందో!

మీరూ తీసుకెళ్తారా? అయితే రేబిస్ టీకా గడువు చూసుకోండి. మెడపట్టీకి మీ ఫోన్ నంబరు కట్టండి. దాని గిన్నె, తాగే నీళ్ళు వేరుగా సర్దండి. ఉల్లిపాయ పడిన కూరలు, చాక్లెట్లు పెట్టకండి, కుక్కలకవి విషంతో సమానం. 'అయిదు నిమిషాలే కదా' అని ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి. మనలా వాటికి ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి తగ్గించుకుంటాయి. మూసిన కారులో ప్రాణమే పోవచ్చు.

పోచారం అభయారణ్యానికి వెళ్ళేరోజు కుక్కను ఇంటి దగ్గరే ఉంచండి. మన ముద్దుల టామీ అయినా అక్కడి జింకల కళ్ళకు వేటకుక్కే!

తిరిగొచ్చిన రాత్రి టామీ గుమ్మంలో ముడుచుకుని హాయిగా నిద్రపోయింది. ఏ దిగులూ లేకుండా నేనూ నిద్రపోయాను.