ఆరు నెలలు నిండాకే అమెరికా ప్రయాణం

కస్టమ్స్ సుంకం కడితే చాలు, కుక్కపిల్లను అమెరికా పంపడానికి అడిగే మిగతా కాగితాలన్నీ వేధింపులేనని మీ వ్యాసకర్త రాయడం సరికాదు. 2024 ఆగస్టు 1 నుంచి ఆరు నెలలు నిండని కుక్కను ఆ దేశం రానివ్వడం లేదు. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనమూ ఉన్నాం కనుక ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే టీకా; ఇక్కడ వేయించిన టీకాకు కనీసం 30 రోజుల తర్వాత తీసిన రక్తపరీక్ష ఫలితమూ చూపాలి, లేకుంటే అక్కడ 28 రోజుల క్వారంటైన్. టీకా వేయించాక ఇదంతా ఎందుకంటారా? తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు పసికూనలో టీకాను సరిగా పనిచేయనివ్వవు. అందుకే 12 వారాలలోపు వేసింది లెక్కలోకి రాదు. పైగా రేబిస్ సోకినా నెలల తరబడి బయటపడకపోవచ్చు. బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. రెండు నెలల పిల్లను పంపిస్తామనే ఏజెంట్లకు దయచేసి డబ్బు కట్టకండి.

— ఒక పాఠకురాలు, గుంటూరు