నూలుపోగుకు లేని మైల

మొన్న కోయంబత్తూరు సింగానల్లూరులో ఒక పెండ్లిమంటపమున, తాళిబొట్టును పళ్లెములో నుంచి పెద్దలచే తాకించుచు వరుసల వెంట త్రిప్పుచుండగా, పెండ్లికూతురి మేనత్త చేయి చాచబోయి, ఎవరో కన్నెఱ్ఱ జేయగా దానిని కొంగులోనికి ముడుచుకొనెను. భర్తకంటె ముందు చావకపోవుటయే ఆమె నేరము. పావుగంట గడవకముందే ఒక పెద్దమనిషి మైకు పుచ్చుకొని, స్త్రీని మనవలె పూజించిన జాతి మఱియొకటి లేదని సెలవిచ్చెను. పూజకేమి లోటు? దేవత మాత్రము స్తంభము చాటున నుండెను.

నా బాల్యమున వితంతువైన మా పెద్దమ్మ యొకతె, పైకారా విద్యుత్తు వచ్చిన పిదప ఈ నోయ్యల్ నదీతీరమున మొలచిన నూలుమిల్లులలో నొకదాన, రీలింగు విభాగమున నిలువుకాళ్లపై చిలపలు చుట్టి తమ్ముళ్లను చదివించినది. ఇంట తెలుగు, మిల్లులో తమిళము, రెంటను ఆమెకు దక్కిన పిలుపు మాత్రము ఒక్కటే. వేకువనే పనికి బయలుదేరు నామె యెదురైనచో ఇరుగుపొరుగువారు వెనుదిరిగి, మంచినీళ్లు త్రాగి మరల బయలుదేరెడివారు. ఆమె తెచ్చు జీతము మాత్రము ఏనాడును ఎవరికిని అపశకునము కాలేదు.

ఈ మూఢత యెచట పుట్టినదో వెదకుట వృథాశ్రమ. ఆలిని సొత్తుగా నెంచినవాడే దీనిని కల్పించెను. దీని నెదిరించుటయు క్రొత్తది కాదు. వీరేశలింగము రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరులో. ఈరోడు రామస్వామి నాయకరు నడిపిన ఆత్మగౌరవోద్యమము, స్త్రీకి ఆస్తిలో సమానహక్కు కావలెనని చెంగల్పట్టు మహాసభలో తీర్మానించినది 1929లో. తమిళనాట కూతురు ఉమ్మడి యాస్తిలో భాగస్వామి యగుటకు 1989 వరకు, అనగా అరువదియేండ్లు, పట్టెను. అప్పటికే పెండ్లియైన కూతుండ్రకు అదియును దక్కలేదు. పురోహితుడు లేకయే దండలు మార్చుకొన్న పెండ్లియు చెల్లునని 1967లోనే ఇచట చట్టమయ్యెను. చట్టము తాళిని ఐచ్ఛికము జేసినను, మన కన్నులు స్త్రీ ముఖమును చూచుటకు ముందు మెడను చూచుట మానలేదు.

ఇంతకంటె చేదైన హాస్య మొకటి కలదు. కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండిగల్లు ప్రాంతపు కొన్ని మిల్లులు పేదయింటి కన్నెపిల్లలను మూడేండ్లు హాస్టళ్లలో నుంచి పని చేయించుకొని, కట్నమున కక్కరకు వచ్చునని కడపట కొంత మొత్తము చేతిలో పెట్టు ఏర్పాటునకు ‘సుమంగళి పథకము’ అని నామకరణము జరిగినది. నడుమ మానిన పిల్లలకు ఆ మొత్తమును దక్కనీయని మిల్లులు కలవు. కట్నము 1961 నుండి నేరమన్న సంగతి ఎవరికి గుర్తు? చెమటకు జీతమని గాక మంగళమని పేరిడుటలోనే కిటుకంతయు నున్నది: జీతమైనచో అది పిల్లది, మంగళమైనచో రాబోవు మగనిది.

తాళి గ్రుచ్చిన పసుపుత్రాడును నూలుదే. మా పెద్దమ్మ ముప్పదియేండ్లు చుట్టిన చిలపలలోని పోగులు ఎందరి మెడలకు చేరెనో! పసుపు పూయుటకు ముందు, అది ఏ వితంతువు వ్రేళ్లనుండి వచ్చినదని ఎవరును అడుగలేదు.