ముఖం చూసి బేరమాడితే నష్టమే

ధర ఎక్కడ ఆగుతుందో సరుకును బట్టి కాక మనిషిని బట్టి తెలుస్తుందన్నది యార్డుల్లో పాత నమ్మకం. పోకర్ ఆటలోనూ ఇదే నమ్మకం. అయితే మనిషిలో దేనిని చూడాలన్న దగ్గరే చాలామంది పొరబడుతున్నారు.

ఆటగాళ్ల చేష్టలపై అమెరికాకు చెందిన మైక్ కారో 1984లో ఒక పుస్తకం వెలువరించారు. ఎదుటివాడు బేలగా నటిస్తే మంచి ముక్కలున్నట్లు, బింకం చూపితే లేనట్లు అన్నది ఆయన సూత్రం. 2013లో సైకలాజికల్ సైన్స్ పత్రిక ప్రచురించిన పరిశోధన మరొక సంగతి తేల్చింది. 2009 ప్రపంచ పోకర్ సిరీస్ దృశ్యాలలో ముఖాలు మాత్రమే చూసినవారి అంచనాలు బొమ్మా బొరుసూ వేసినదానికంటె అధ్వాన్నంగా ఉన్నాయి. పందెం ముందుకు నెట్టే చేతులను మాత్రమే చూసినవారు అంతకంటె మెరుగుగా చెప్పారు. ముఖానికి నటన అలవాటే, చేతికి అంతగా కాదు.

మన పశువుల సంతల్లో తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవారికి ఈ సంగతి కొత్త కాదు.

ఒక్క చేష్టను నమ్మరాదు. ఎప్పుడూ కాలు ఊపేవాడు ఊపితే అర్థం లేదు, మానితే అర్థమున్నది. మిర్చి చూసి పెదవి విరిచే కొనుగోలుదారు ప్రతి బస్తా దగ్గరా విరుస్తాడు. విరిచి కూడా కదలక, రెండవసారి టిక్కీలో చేయి పెట్టాడంటే సరుకు అతనికి కావాలన్నమాట.

అసలు నష్టం రైతు తన ముక్కలు తానే చూపడంలో ఉన్నది. బండి బాడుగ, అప్పు గడువు, చీకటి పడకముందే ఊరు చేరాలన్న తొందర పైకి అన్నాడంటే ధర ఇక పెరగదు. అట్లని నటించమని సలహా ఇవ్వజాలము. శీతల గిడ్డంగిలో నిల్వకు వీలు, రెండవ కొనుగోలుదారు చెప్పిన ధర, ఇవే చేతిలోని మంచి ముక్కలు. అవి లేని బింకం ఎంతోసేపు నిలవదు.

2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ ప్రారంభమైన తరువాత కంప్యూటరు వేలం వచ్చిన యార్డుల్లో ముఖాలతో పని తగ్గింది. అక్కడ అమ్మకపు చీటీలు దాచుకుని, ఏ రకానికి ఎవరు ఎంత పెడుతున్నారో గమనించడం మేలు.

పేకాటకు ప్రోత్సాహమని ఎవరూ అనుకోవద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చట్టం నిషేధించింది. పంట అమ్మకం మాత్రం రైతుకు తప్పని ఆట. అందుచేత ఎదుటివాని చేయి చూడడం, తన చేయి చూపకపోవడం అతడు నేర్చి తీరవలసినదే.