తీగ ఎటు పోవాలో ఎవరు చెప్పాలి?

మా ఇంట్లో మిక్సీ కొనాలంటే నన్ను అడుగుతారు. కుక్కర్‌కి గాస్కెట్ మార్చాలన్నా నన్నే అడుగుతారు. ఇంటర్నెట్ అనేసరికి మాత్రం మావారూ మా అబ్బాయీ వరండాలో కుర్చీలు వేసుకుని వాళ్ళిద్దరే మాట్లాడుకుంటారు. నేను కాఫీ అందించి లోపలికి వచ్చేయాలి. నిరుటిదాకా అలాగే వచ్చేసేదాన్ని. ఈసారి మాత్రం గ్లాసులు అక్కడ పెట్టి, నేనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏంటోయ్, నీకు కూడా కావాలా మోడెమ్?" అని నవ్వారు మావారు.

"మోడెమ్ సంగతి తర్వాత, ముందు తీగ సంగతి తేల్చండి" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో చెప్పాలంటే నిరుడు శ్రావణమాసంలో ఒక రాత్రి గురించి చెప్పాలి.

మేం 2001లో కంప్యూటర్ కొన్నాం. మా రాజమండ్రి ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తీగనే దానికీ తగిలించారు. నెట్ కావాలంటే కంప్యూటరే ఫోన్ చేసినట్టు నంబరు తిప్పుకుని, కాసేపు కీచుమని అరిచి, బుసకొట్టి, అప్పుడు కలిసేది. కలిసిందంటే ఇక ఫోన్ పనిచేయదు. బయటివాళ్ళు ఎవరు చేసినా ఎంగేజ్ అనే వస్తుంది. మా అబ్బాయి ఇంటర్ చదివేటప్పుడు రాత్రి తొమ్మిదికి కూర్చుంటే ఎప్పుడు లేచేవాడో తెలీదు. పాత ఎంసెట్ పేపర్లు దింపుకుంటున్నానమ్మా అనేవాడు. నిజమే, దింపుకునేవాడు.

ఆ రాత్రి కూడా అదే చేస్తున్నాడు. మావారు క్యాంపు నుంచి రైల్లో వస్తున్నారు, సెల్ అందడం లేదు. అత్తయ్యగారు పడుకున్నారు, నేను పప్పు నానబోసుకుంటున్నాను. పదకొండు గంటలకి పక్కింటి పిన్నిగారు తలుపు కొట్టారు. "అమలాపురం నుంచి మీ తమ్ముడమ్మా, రెండు గంటల్నించీ చేస్తున్నాట్ట, మీ ఫోన్ కలవట్లేదుట."

అమ్మకి పక్షవాతం వచ్చింది. తొమ్మిదికే చెయ్యి తిమ్మిరెక్కిందందట. "అక్కతో ఒకసారి మాట్లాడతానురా" అని అడిగిందట. తమ్ముడు చేస్తూనే ఉన్నాడు, మాది ఎంగేజ్ వస్తూనే ఉంది. నేను పిన్నిగారింటికి పరిగెత్తి మాట్లాడేసరికి అమ్మని ఆస్పత్రిలో చేర్చేశారు. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. తెల్లవారి మొదటి బస్సుకి వెళ్ళాను. అమ్మ కళ్ళతో నన్ను గుర్తుపట్టింది కానీ మాట రాలేదు. ఆ రాత్రి నాతో ఏం చెప్పాలనుకుందో తర్వాత చాలాసార్లు అడిగాను. తనకీ గుర్తులేదు.

మా అబ్బాయిని నేను ఒక్క మాట అనలేదు. వాడు చదువుకుంటున్నాడు. తప్పు, ఒక్క తీగ మీద రెండు పనులు పెట్టి ఆరేళ్ళు అలాగే నెట్టుకొచ్చిన మా అందరిదీ. అందులోనూ "అది మగవాళ్ళు చూసుకుంటారులే" అని కాఫీ ఇచ్చి వచ్చేసిన నాది కూడా.

అందుకే బ్రాడ్‌బ్యాండ్ పెట్టిద్దామన్న మాట రాగానే నేనూ కూర్చున్నాను. వరండాలో చర్చంతా ప్లాన్ల గురించే. నెలకెంత, ఎంత స్పీడు, ఎంత డౌన్‌లోడు. ఆ లెక్క నాకూ అర్థమైంది. డయలప్‌లో 56 కేబీపీఎస్ అంటారు కానీ అది ఎక్కువలో ఎక్కువ, మాకెప్పుడూ 40 దాటి వచ్చిన గుర్తులేదు. మన ప్రభుత్వం 2004లో చెప్పిన విధానం ప్రకారం అప్పట్లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 256 ఉండాల్సి ఉండేది. ఇవి బిట్ల లెక్క. మనం దింపుకునే పాటా బొమ్మా బైట్ల లెక్కలో ఉంటాయి కాబట్టి ఎనిమిదితో భాగించాలి. 40 అంటే సెకనుకి 5 కిలోబైట్లు, 256 అంటే 32. నాలుగు ఎంబీల పాట డయలప్‌లో ఇంచుమించు పావుగంట, బ్రాడ్‌బ్యాండ్‌లో రెండు నిమిషాలు. ఇంతే. ఇంటి పద్దు రాసేవాళ్ళకి ఇదో పెద్ద లెక్క కాదు.

కానీ ప్లాన్ నచ్చకపోతే వచ్చేనెల మార్చుకోవచ్చు. గోడకి కొట్టిన తీగ పదేళ్ళు ఉంటుంది. ఆ గోడల మధ్య రోజంతా ఉండేది ఎవరు? ఏ గోడ వానాకాలంలో చెమ్మ పడుతుందో, ఏ మూల ఎలుక తిరుగుతుందో, ఏ తలుపు పూర్తిగా మూసుకోదో తెలిసినవాళ్ళెవరు? మనమే కదా. తీగ మాట మాత్రం మనల్ని అడగరు.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. కనెక్షన్ ఇవ్వడానికి ఒక కుర్రాడు వచ్చాడు. మా అబ్బాయి గదిలో పాత ఫోన్ పాయింటు ఒకటి ఉంది, మోడెమ్ అక్కడ పెట్టేశాడు. పావుగంటలో పని అయిపోయింది. ఆ సాయంత్రం నుంచీ ఫోన్ ఎత్తితే గుయ్యిమని ఒకటే రొద. నెట్ పది నిమిషాలుండి పోతోంది. మోడెమ్ బాగాలేదన్నారు మావారు. కంపెనీ బాగాలేదన్నాడు మా అబ్బాయి.

నాకు మాత్రం అటక గుర్తొచ్చింది. ఆ పాయింటుకి వెళ్ళే తీగ అటక మీదుగా పోతుంది. నాలుగేళ్ళ కిందట సున్నాలు వేసినప్పుడు అది తెగితే, మేస్త్రీ టేపు చుట్టి అతికించాడు. ఆ గోడకి ఏటా చెమ్మే. ఆవకాయ జాడీలు దింపేటప్పుడు ఏటా చూస్తాను ఆ అతుకుని, పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. పైకెక్కి చూపించాను. మాట వినడానికి ఆ అతుకు సరిపోయేది, బ్రాడ్‌బ్యాండ్‌కి సరిపోదు.

మళ్ళీ వచ్చిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఒక్కొక్కటే అడిగాను. "ఇది ఏం చేస్తుంది బాబూ? ఇది లేకపోతే ఏమవుతుంది?" అతను ఓపిగ్గా చెప్పాడు. నేను అర్థం చేసుకున్నది మన మాటల్లో చెప్తాను, మీ ఇంటికి పనికొస్తుందేమో చూడండి.

ఫోన్ తీగలో మాటా నెట్టూ రెండూ కలిసే వస్తాయి. వాటిని విడదీసే చిన్న డబ్బా పేరు స్ప్లిటర్. తీగ ఇంట్లోకి రాగానే మొదట అది ఉండాలి. దాన్నుంచి ఒక దారి ఫోన్‌కి, ఒక దారి మోడెమ్‌కి. ఇంట్లో ఇంకో గదిలో ఫోన్ ఉంటే దాన్ని కూడా స్ప్లిటర్ ఫోన్ వైపు నుంచే తీసుకోవాలి. మాకు అత్తయ్యగారి గదిలో ఫోన్ స్ప్లిటర్‌కి ముందే కలిపి ఉంది. రొదకి అది కూడా ఒక కారణం.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇంటి లోపల మోడెమ్‌కి ముందుండే ఫోన్ తీగ ఎంత పొట్టిగా, అతుకుల్లేకుండా ఉంటే అంత మంచిది. దూరం వెళ్ళాల్సి వస్తే మోడెమ్ తర్వాత వెళ్ళాలి. మోడెమ్ నుంచి కంప్యూటర్‌కి వెళ్ళేది వేరే కేబుల్, క్యాట్ ఫైవ్ ఈ అని అడిగితే ఇస్తారు. అది 100 మీటర్ల దాకా వేసుకోవచ్చు. మన ఇళ్ళల్లో ఆ మూల నుంచి ఈ మూలకి కొలిచినా అంత ఉండదు. అంటే మోడెమ్ హాల్లో ఉంచి, కేబుల్ ఏ గదికైనా తీసుకెళ్ళొచ్చు. మాకు చేసింది సరిగ్గా దీనికి తలకిందులుగా.

ఆ కేబుల్ కొస కోసి చూపించాడు. లోపల ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు, ప్రతి జతా పురి పెట్టి ఉంది. మా కోనసీమలో కొబ్బరి తాడు పేనడం చూసిన కళ్ళకి అది కొత్తగా అనిపించలేదు. తాడుకి పురి బలం కోసం, దీనికి పురి బయటి రొద లోపలికి రాకుండా ఉండటం కోసం. అందుకే కొసల దగ్గర పురి ఎక్కువ విప్పకూడదట. కరెంటు తీగలున్న పైపులోంచి దీన్ని లాగకూడదు. మేకు కొట్టి నొక్కెయ్యకూడదు, మూలల్లో మడత పడేలా వంచకూడదు. ఎలుకలుంటే కేసింగ్ పట్టీలో వేయించండి.

మూడోది, మోడెమ్. యూఎస్‌బీ తీగతో కలిపేది, ల్యాన్ కేబుల్‌తో కలిపేది అని రకాలున్నాయి. యూఎస్‌బీ తీగ అయిదు మీటర్లకి మించకూడదు, పైగా కంప్యూటర్‌లో దాని డ్రైవర్ ఎక్కించాలి. మా పాత కంప్యూటర్‌లో ల్యాన్ పెట్టుకునే చోటే లేదు. మూడొందల చిల్లరకి ల్యాన్ కార్డు కొని వేయించాం. కొత్త కంప్యూటర్లలో అది ఎలాగూ ఉంటుంది. మోడెమ్ మాత్రం నాలుగు ల్యాన్ పోర్టులున్నది తీసుకోమన్నాను. ఒకదానితో సరిపోదా అన్నారు మావారు. నాకెందుకు కావాలో అప్పటికి చెప్పలేదు.

అన్నిటికీ వైర్‌లెస్ ఉండగా ఈ తీగలెందుకు అంటోంది మా చెల్లెలు. ల్యాప్‌టాప్ ఉంటే అది సుఖమే, కాదనను. మాది పాత ఇల్లు, లావు గోడలు. రెండు గోడలు దాటేసరికి సిగ్నల్ నీరసించిపోతుంది. మైక్రోవేవ్ ఒవెన్ కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తుంది కాబట్టి దాని పక్కన పెడితే అడ్డుపడుతుంది. పెట్టించుకున్నవాళ్ళు పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టుకోండి. లేదంటే ఎదురింటివాళ్ళు కూడా మీ నెట్టే వాడుకోవచ్చు. కదలని కంప్యూటర్‌కి మాత్రం కేబులే నమ్మకం.

ఇక మన రోజువారీ సంగతి. కరెంటు పోతే మోడెమ్ ఆగిపోతుంది. ఫోన్ ఆగదు, దానికి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజి నుంచి ఆ తీగలోనే వస్తుంది. కోతల రోజుల్లో ఈ మాట నాకు పెద్ద ధైర్యం. ఉరుములు మొదలైతే మాత్రం మోడెమ్ ప్లగ్గు ఒక్కటే తీస్తే చాలదు, ఫోన్ తీగ కూడా పీకెయ్యాలి. పిడుగు ఆ దారిన కూడా వస్తుంది. మధ్యాహ్నం వాన ముంచుకొస్తే ఇంట్లో ఉండేది మనమే కదా. మోడెమ్ చేతికందే చోట ఉండాలనడానికి ఇదొక్కటి చాలు.

ఇప్పుడు నాలుగు పోర్టుల సంగతి. మోడెమ్ హాల్లో పెట్టాక, ఒక కేబుల్ మా అబ్బాయి గదికి వెళ్ళింది. వాడు ఇంజనీరింగులో చేరాడు, కొత్త కంప్యూటర్ వచ్చింది, తలుపేసుకుని చదువుకునే చోటు వాడికి కావాలి. అందరి కళ్ళ ముందూ హాల్లో పెట్టాలనే తల్లులున్నారు. చిన్నపిల్లలకైతే నేనూ అదే అంటాను. రెండో కేబుల్ భోజనాల గదిలో నా కుట్టుమిషన్ పక్కకి వేయించమన్నాను.

"అక్కడెందుకే?" అన్నారు మావారు.

"పాత కంప్యూటర్ నాకు" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు కాసేపు. అత్తయ్యగారే అన్నారు, "వెయ్యండ్రా, దానికీ ఒకటి" అని.

ఇన్నాళ్ళూ నేను ఈమాట పత్రిక చదవాలన్నా మా అబ్బాయి గది ఖాళీ అయ్యేదాకా ఆగేదాన్ని. తెలుగులో బీఏ చేసినదాన్ని, పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి నెట్టులో మళ్ళీ తెలుగు దొరికితే, దాని కోసం కొడుకుని "కాస్త లేస్తావా నాన్నా" అని అడిగేదాన్ని. వాడు ఎప్పుడూ కాదనలేదు. అయినా అడగాల్సి రావడం వేరు, మన చోటు మనకుండటం వేరు. తీగ ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకానే నెట్. ఎవరి గదిలో ఆగితే అది వాళ్ళది అయిపోతుంది. కేబుల్ వేయించేటప్పుడే ఆలోచించుకోవలసింది అందుకే.

కాబట్టి మీ ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ మాట వస్తే ప్లాన్ వాళ్ళనే చూసుకోనివ్వండి. తీగ ఎక్కణ్ణించి ఎక్కడికి, మోడెమ్ ఎక్కడ, ఎన్ని పాయింట్లు అన్న మూడు ప్రశ్నలూ మీరు అడగండి. పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయని జంకకండి. స్ప్లిటర్ కన్నా ఇడ్లీ కుక్కరే కష్టం.

ఇప్పుడు రాత్రి తొమ్మిదికి మా అబ్బాయి వాడి గదిలో నెట్టులో ఉంటాడు. నేను కుట్టుమిషన్ పక్కన కూర్చుంటాను. ఆ టైముకే హాల్లో ఫోన్ మోగుతుంది. అమలాపురం నుంచి అమ్మ. మాట ఇంకా పూర్తిగా తిరగలేదు, సగం సగం వస్తుంది. "తిన్..నావా?" అంటుంది. తిన్నానమ్మా అంటాను. అంతకన్నా పెద్దగా ఏమీ మాట్లాడుకోం. ఫోన్ మోగుతుంది, నేను ఎత్తుతాను, అంతే.